అంకె నిజమే, వార్త నిజమేనా? గణాంకాల వార్తలను పరిశీలించే సమగ్ర మార్గదర్శి

వార్తల్లో పూర్తిగా కల్పించిన అంకె అరుదుగా కనిపిస్తుంది. కల్పించిన అంకెను ఎవరో ఒకరు పట్టుకుంటారు, సవరణ వేయక తప్పదు, సంస్థ పరువు పోతుంది. కాబట్టి పాఠకుడిని తప్పుదారి పట్టించే గణాంకాల్లో అధిక భాగం నిజమైన అంకెలే. దేనితో పోలిస్తే పెరిగింది, ఎంతమందిలో ఇంతమంది, ఎవరిని అడిగారు, అసలు దేన్ని లెక్కపెట్టారు అన్న వివరాలు అంకె పక్కన ఉండాలి. అవి శీర్షికలో పట్టవు, టీవీ తెర కింద పరుగెత్తే పంక్తిలో అసలే పట్టవు. అవి జారిపోయిన చోట పాఠకుడు తన ఊహతో ఖాళీలు పూరించుకుంటాడు, తప్పు అభిప్రాయం ఏర్పడేది అక్కడే.

ఇందులో దురుద్దేశం ఎంత, తొందరపాటు ఎంత అన్నది ప్రతిసారీ తేల్చలేం. పత్రికా ప్రకటనను యథాతథంగా దించుకోవడం, లెక్కలంటే బెరుకు, పక్క ఛానెల్ కంటే ముందు చెప్పాలన్న ఆరాటం ఈ మూడూ కుట్రల కంటే ఎక్కువ హాని చేస్తాయని నా అభిప్రాయం. రాసినవారి మనసులో ఏముందో వెతకడం కంటే, రాసిన దానిలో ఏమి లేదో వెతకడం సులువు, ఉపయోగకరం కూడా. కింది మెట్లను ఉన్న వరుసలోనే పాటించడం మంచిది. చాలా వార్తలు మొదటి నాలుగైదు మెట్లలోనే తేలిపోతాయి.

మొదటి మెట్టు: శీర్షికను పూర్తి వాక్యంగా తిరగరాయండి

అంకె ఉన్న శీర్షిక కనబడగానే దాన్ని నమ్మడమో కొట్టిపారేయడమో చేయకుండా, ముందు ఒక కాగితం మీద పూర్తి వాక్యంగా రాసుకోవాలి. "ప్రమాదాలు 40 శాతం పెరిగాయి" అన్న శీర్షికను తీసుకుందాం. పూర్తి వాక్యంలో ఇది ఇలా ఉండాలి: ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలంలో, ఫలానా రకం ప్రమాదాలు, ఫలానా కాలంతో పోలిస్తే, ఇన్ని నుంచి ఇన్నికి పెరిగాయని ఫలానా సంస్థ నమోదు చేసింది. వార్త మొత్తం చదివాక కూడా ఈ వాక్యంలో రెండు మూడు ఖాళీలు మిగిలిపోతే, ఆ వార్త ఆధారంగా ఏ అభిప్రాయానికీ రాకూడదు. ఖాళీలను పూరించే వివరాలు సాధారణంగా చివరి పేరాలోనో, పట్టిక కింద చిన్న అక్షరాల్లోనో ఉంటాయి కనుక అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టినా తప్పులేదు.

ఇలా రాసుకునేటప్పుడు క్రియాపదాన్ని ప్రత్యేకంగా గమనించాలి. 2016లో బ్రిటన్‌లో జరిగిన బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగడం) ప్రజాభిప్రాయ సేకరణ ప్రచారంలో, యూరోపియన్ యూనియన్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని ఒక బస్సు మీద పెద్ద అక్షరాలతో రాశారు. అయితే బ్రిటన్‌కు దక్కవలసిన రాయితీని ముందుగానే మినహాయించుకుని మిగిలినది పంపేవారు కనుక, వాస్తవంగా పంపుతున్నది వారానికి సుమారు 25 కోట్ల పౌండ్లు. అందులో నుంచి మళ్లీ కొంత వ్యవసాయ సబ్సిడీలు తదితర రూపాల్లో వెనక్కి వచ్చేది. ఆ దేశపు గణాంకాల ప్రాధికార సంస్థ ఆ అంకెను తప్పుదారి పట్టించేదిగా బహిరంగంగానే పేర్కొంది. అయినా చర్చంతా ఆ అంకె చుట్టూనే తిరిగింది, ఖండించిన కథనాలు సైతం దాన్ని పదేపదే చెప్పక తప్పలేదు. స్థూల మొత్తం, నికర మొత్తం అన్న తేడా ఎక్కడ ఉన్నా "పంపుతున్నాం", "ఖర్చు చేశాం", "కేటాయించాం", "మంజూరు చేశాం" అన్న మాటల్లో ఏది వాడారో చూడాలి. కేటాయించినదంతా ఖర్చయినట్టు కాదు.

రెండో మెట్టు: దేన్ని లెక్కపెట్టారో తెలుసుకోండి

రోజూ వినే మాటలకు గణాంకాల్లో వేరే నిర్వచనం ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాల ప్రకారం, సర్వే చేసిన వారంలో జీతం కోసమో లాభం కోసమో కనీసం ఒక్క గంట పనిచేసిన వ్యక్తి ఉద్యోగి కింద లెక్క. పని దొరకక విసిగి వెతకడం మానేసిన వ్యక్తి నిరుద్యోగి కిందికి రాడు, శ్రామిక శక్తి నుంచే బయటకు పోతాడు. దేశాల మధ్య పోలికకు ఒకే కొలత కావాలి కాబట్టి ఈ నిర్వచనానికి తగిన కారణం ఉంది. కానీ నిరుద్యోగం తగ్గిందన్న శీర్షిక చదివిన సామాన్యుడు దాన్ని ఈ అర్థంలో తీసుకోడు.

నేరాల లెక్కల్లో ఈ తేడా ఇంకా పదునుగా కనిపిస్తుంది. స్వీడన్‌లో ఒకే బాధితురాలిపై ఒకే వ్యక్తి పలుమార్లు అత్యాచారం చేశాడని ఫిర్యాదు వస్తే, ప్రతి ఘటననూ విడివిడిగా నమోదు చేస్తారు. 2005లో, మళ్లీ 2018లో అక్కడ అత్యాచారానికి చట్టపరమైన నిర్వచనం కూడా విస్తరించింది. భారత జాతీయ నేర గణాంకాల బ్యూరో ఇందుకు భిన్నంగా, ఒకే కేసులో పలు నేరాలు ఉన్నప్పుడు వాటిలో అత్యంత తీవ్రమైన దాని కిందే లెక్కవేస్తుంది. ఒక కేసులో హత్య, దోపిడీ రెండూ ఉంటే అది హత్యల పట్టికలోకే వెళ్తుంది. ఈ రెండు పద్ధతుల్లో తయారైన అంకెలను పక్కపక్కన పెట్టి ఏ దేశం ఎక్కువ ప్రమాదకరమో తేల్చే కథనం ఎన్ని రంగుల పటాలు వేసినా అర్థరహితం. పైగా నమోదైన నేరాలు వేరు, జరిగిన నేరాలు వేరు. పోలీసులపై నమ్మకం పెరిగిన చోట ఫిర్యాదులు పెరుగుతాయి, అప్పుడు మెరుగుదలే దిగజారుడుగా కనబడే అవకాశం ఉంది.

మూడో మెట్టు: హారం ఎక్కడుందో వెతకండి

వార్తల్లో లవం ఉంటుంది, హారం ఉండదు. ఇంతమంది చనిపోయారు, ఇన్ని కేసులు వచ్చాయి, ఇంత సొమ్ము ఖర్చయింది అని చెప్పి, ఎంతమందిలో, ఎన్నింటిలో, ఎంతలో అన్నది వదిలేస్తారు. జనాభా ఎక్కువున్న ప్రాంతం దాదాపు ప్రతి పట్టికలోనూ పైనే ఉంటుంది, అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. లక్ష మందికి ఎన్ని అన్న రేటు దొరికితేనే పోలికకు అర్థం వస్తుంది.

హారం ఉన్నా అది సరైనదేనా అన్నది తర్వాతి ప్రశ్న. 2020 మార్చి 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి, అప్పటివరకు నమోదైన కోవిడ్ కేసుల్లో సుమారు 3.4 శాతం మంది మరణించారని ప్రకటించారు. "నమోదైన కేసుల్లో" అన్న మాట శీర్షికల్లో రాలిపోయి, వైరస్ సోకిన ప్రతి వందమందిలో ముగ్గురికి పైగా చనిపోతారన్న అర్థం ప్రచారమైంది. పరీక్షలు తక్కువగా జరుగుతున్న ఆ రోజుల్లో, లక్షణాలు తేలికగా ఉన్నవారు, అసలు లేనివారు హారంలోకి చేరలేదు. హారం చిన్నదైతే శాతం పెరుగుతుంది.

హారం తలకిందులైతే మరింత ప్రమాదం. 2021 ఆగస్టులో ఇజ్రాయెల్‌లో తీవ్ర కోవిడ్‌తో ఆసుపత్రుల్లో ఉన్నవారిలో దాదాపు 60 శాతం మంది టీకా రెండు డోసులూ వేసుకున్నవారేనన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అంకె నిజమే, కానీ టీకా పనిచేయడం లేదన్న నిర్ధారణ దాని నుంచి రాదు. ఊహాజనితమైన ఒక లెక్కతో ఎందుకో చూద్దాం. వెయ్యిమందిలో 900 మంది టీకా వేసుకున్నారు, 100 మంది వేసుకోలేదు. వేసుకున్నవారిలో 18 మంది, వేసుకోనివారిలో 12 మంది ఆసుపత్రిలో చేరారనుకుందాం. చేరిన 30 మందిలో 18 మంది, అంటే 60 శాతం, టీకా వేసుకున్నవారే. కానీ వేసుకున్నవారిలో ఆసుపత్రి పాలైనది నూటికి ఇద్దరు, వేసుకోనివారిలో నూటికి పన్నెండుమంది. ముప్పు ఆరో వంతుకు తగ్గింది. ఇజ్రాయెల్‌లో టీకా వేసుకున్నవారిలో వృద్ధులే ఎక్కువ కావడం, వారికి జబ్బు ముదిరే అవకాశం సహజంగానే ఎక్కువ కావడం ఈ చిక్కును మరింత పెంచాయి. "ఆసుపత్రిలో ఉన్నవారిలో ఎంతమంది టీకా వేసుకున్నారు" అన్నది ఒక ప్రశ్న, "టీకా వేసుకున్నవారిలో ఎంతమంది ఆసుపత్రికి వెళ్లారు" అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. పాఠకుడికి కావలసినది రెండోది, శీర్షికలో వచ్చేది మొదటిది.

నాలుగో మెట్టు: శాతాన్ని మనుషుల సంఖ్యగా మార్చండి

ఆరోగ్య వార్తల్లో అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది సాపేక్ష ముప్పును, అంటే మునుపటితో పోలిస్తే ముప్పు ఎన్ని రెట్లు లేదా ఎంత శాతం మారిందన్నదాన్ని, విడిగా చెప్పడం. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఔషధ భద్రతా కమిటీ, మూడో తరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరించింది. రెట్టింపు అంటే 100 శాతం పెరుగుదల, పత్రికలకు అంతకంటే మంచి శీర్షిక ఏముంటుంది? అసలు లెక్క ఏమిటంటే, పాత తరం మాత్రలు వాడే ప్రతి ఏడు వేలమందిలో ఒకరికి గడ్డ ఏర్పడితే, కొత్త తరం మాత్రలు వాడేవారిలో ఇద్దరికి ఏర్పడుతుంది. ఏడు వేలమందిలో అదనంగా ఒక్కరు. భయపడిన ఎందరో మహిళలు మాత్రలు మానేశారు. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అదనపు గర్భవిచ్ఛిత్తులు (అబార్షన్లు) జరిగాయని తర్వాత అంచనా వేశారు. గర్భం దాల్చినప్పుడు గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల వల్ల వచ్చే ముప్పు కంటే ఎక్కువన్నది ఇందులోని విషాదం.

కాబట్టి ముప్పు ఇంత శాతం పెరిగిందని చదివిన ప్రతిసారీ, ముందు వెయ్యిమందిలోనో పదివేలమందిలోనో ఎందరికి ఉండేది, ఇప్పుడు ఎందరికి అని అడగాలి. ఆ మొదటి అంకె వార్తలో లేకపోతే రెండో అంకెకు విలువ లేదు. మేలు విషయంలోనూ ఇదే సూత్రం. ఒక మందు మరణాలను సగానికి తగ్గిస్తుందంటే నూటికి ఇరవై నుంచి పదికి తగ్గించిందా, పదివేలకు రెండు నుంచి ఒకటికి తగ్గించిందా అన్నది తెలియాలి. మేలును సాపేక్షంగా, దుష్ఫలితాలను నేరుగా చెప్పే కథనాలను గమనిస్తే వాటి వెనుక తరచుగా ఉత్పత్తిదారుల పత్రికా ప్రకటన ఉంటుంది.

శాతానికీ శాతాల మధ్య తేడాకూ ఉన్న భేదం కూడా ఇక్కడే చూసుకోవాలి. వడ్డీరేటు 4 శాతం నుంచి 6 శాతానికి చేరితే అది రెండు పర్సంటేజీ పాయింట్ల పెరుగుదల, లేదా 50 శాతం పెరుగుదల. రెండూ సరైనవే. ఏది వాడారన్నది చాలాసార్లు రాసినవారి మొగ్గును బయటపెడుతుంది.

ఐదో మెట్టు: పోలిక ఎక్కడి నుంచి మొదలైందో చూడండి

కోవిడ్ మొదటి విడత తర్వాత 2020 జూలై, ఆగస్టు నెలల్లో వరుసగా మూడు దేశాల ఆర్థిక లెక్కలు వెలువడ్డాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఉన్న త్రైమాసికంలో అమెరికా జీడీపీ 32.9 శాతం, బ్రిటన్ జీడీపీ 20.4 శాతం, భారత జీడీపీ 23.9 శాతం పడిపోయాయని ఆయా ప్రభుత్వాల మొదటి అంచనాలు చెప్పాయి. మూడింటినీ ఒకే పట్టికలో పెడితే అమెరికా అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నట్టు కనబడుతుంది. నిజానికి మూడూ మూడు వేర్వేరు కొలతలు. అమెరికా తన త్రైమాసిక మార్పును, అదే వేగం ఏడాదంతా కొనసాగితే ఎంతవుతుందో ఆ రూపంలో ప్రకటిస్తుంది. అంతకుముందు త్రైమాసికంతో పోలిస్తే అక్కడ జరిగిన తగ్గుదల 9.5 శాతమే. ఒకటిలో 9.5 శాతం పోగా మిగిలిన 0.905ను నాలుగుసార్లు తీసుకుని గుణిస్తే 0.671 వస్తుంది, ఒకటిలోంచి దాన్ని తీసేస్తే 32.9 శాతం. బ్రిటన్ చెప్పినది అంతకుముందు త్రైమాసికంతో నేరుగా చేసిన పోలిక. భారత్ చెప్పినది ముందు ఏడాది ఇదే త్రైమాసికంతో చేసిన పోలిక. ఒకే కొలతలో చూస్తే ఆ త్రైమాసికంలో బ్రిటన్ పతనం అమెరికా పతనానికి రెట్టింపు పైమాటే.

ఆ మరుసటి ఏడాది ఇంకో చిక్కు వచ్చింది. 2021 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో భారత జీడీపీ 20.1 శాతం పెరిగిందని ప్రకటించినప్పుడు రికార్డు వృద్ధి అన్న శీర్షికలు వెలువడ్డాయి. అప్పటికి ముందు ఏడాది తగ్గుదలను 24.4 శాతంగా సవరించారు. 2019లో 100 ఉన్నది 2020లో 75.6కు పడి, దాని మీద 20.1 శాతం పెరిగితే 90.8 అవుతుంది. అంటే రికార్డు వృద్ధి తర్వాత కూడా ఆర్థిక వ్యవస్థ రెండేళ్ల కిందటి స్థాయికి చేరలేదు. ఇరవై శాతం తగ్గి ఇరవై శాతం పెరిగితే మొదటికి వస్తుందని చాలామంది అనుకుంటారు, రాదు. 96 దగ్గర ఆగిపోతుంది.

ఆరంభ సంవత్సరాన్ని ఏరుకోవడం ఇంకో పద్ధతి. 1998లో బలమైన ఎల్ నినో కారణంగా ప్రపంచ ఉష్ణోగ్రత అసాధారణంగా పెరిగింది. ఆ ఏడాది నుంచి గీత గీస్తే తర్వాతి పదేళ్లలో భూతాపం ఆగిపోయినట్టు కనిపించేది, అలా గీసిన కథనాలు చాలాకాలం నడిచాయి. రెండేళ్లు ముందు నుంచో రెండేళ్లు తర్వాత నుంచో గీస్తే పెరుగుదల స్పష్టంగా కనబడుతుంది. ఏదైనా పోలిక అసాధారణమైన ఏడాదితో మొదలైతే, ఆరంభాన్ని కాస్త అటూ ఇటూ జరిపి చూడాలి. అలా జరిపినప్పుడు నిలవని నిర్ధారణ నిలవదగినది కాదు.

డబ్బు లెక్కల్లో ద్రవ్యోల్బణాన్ని మినహాయించారా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్న. ధరలు పెరుగుతున్నంతకాలం ప్రతి బడ్జెట్టూ చరిత్రలో అతిపెద్ద బడ్జెట్టే. పెద్ద మొత్తాలను తలసరి లెక్కకు, ఏడాది లెక్కకు తెచ్చుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి. పది కోట్ల జనాభాకు ఐదేళ్లలో వెయ్యి కోట్ల రూపాయలంటే మనిషికి ఏటా ఇరవై రూపాయలు.

ఆరో మెట్టు: ఏ సగటో అడగండి

తొమ్మిదిమందికి నెలకు ఇరవై వేలు, ఒకరికి ఇరవై లక్షలు వచ్చే సంస్థలో సగటు జీతం రెండు లక్షల పద్దెనిమిది వేలు. ఆ జీతం అందుకునేవారు అక్కడ ఒక్కరూ ఉండరు. ఆదాయం, ఆస్తి, ఇళ్ల ధరల వంటి విషయాల్లో కొద్దిమంది దగ్గర చాలా ఎక్కువ ఉంటుంది కనుక, అందరినీ వరుసలో నిలబెట్టినప్పుడు మధ్యలో వచ్చే వ్యక్తి విలువను, అంటే మధ్యగతాన్ని, చూడాలి. వార్తలో కేవలం "సగటు" అని ఉంటే అది మధ్యగతం కాదనే అనుకోవచ్చు.

ఏడో మెట్టు: ఎవరిని అడిగారో, ఎవరు జవాబిచ్చారో చూడండి

సర్వే పెద్దదైతే నమ్మదగినదన్న భ్రమ ఇప్పటికీ పోలేదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది, సుమారు 24 లక్షలు తిరిగి వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ 57 శాతం ఓట్లతో గెలుస్తాడని వాటి ఆధారంగా ప్రకటించింది. ఎన్నికలో అప్పటి అధ్యక్షుడు, డెమోక్రటిక్ అభ్యర్థి రూజ్‌వెల్ట్‌కు సుమారు 61 శాతం ఓట్లు వచ్చాయి, లాండన్‌కు 48 రాష్ట్రాల్లో రెండే దక్కాయి. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు రిజిస్ట్రేషన్ల నుంచి, తన చందాదారుల జాబితా నుంచి. తీవ్ర ఆర్థిక మాంద్యం సాగుతున్న ఆ రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవారంటే మిగిలినవారి కంటే కలిగినవారే. దానికి తోడు, బ్యాలెట్ అందినవారిలో నలుగురిలో ముగ్గురు జవాబే ఇవ్వలేదు. శ్రమ తీసుకుని తిప్పి పంపినవారి అభిప్రాయం పంపనివారి అభిప్రాయం వంటిదేనని అనుకోవడానికి ఆధారం లేదు. అదే ఎన్నికలో సుమారు 50 వేలమందిని మాత్రమే అడిగిన జార్జ్ గాలప్ రూజ్‌వెల్ట్ విజయాన్ని సరిగ్గా చెప్పాడు. ఛానెళ్ల వెబ్‌సైట్లలో పెట్టే ఆన్‌లైన్ పోల్స్ ఎన్ని లక్షల ఓట్లు చూపించినా ఈ కోవలోనివే. వాటిని సర్వే అనడమే తప్పు.

సరైన పద్ధతిలో ఎంపిక చేసిన వెయ్యిమంది సర్వేలోనూ సుమారు మూడు పాయింట్లు అటూ ఇటూ తేడా రావచ్చు. ఒకరికి 42 శాతం, ఇంకొకరికి 38 శాతం మద్దతు ఉందంటే నాలుగు పాయింట్ల ఆధిక్యం ఖాయమని యాంకర్లు చర్చ మొదలుపెడతారు. కానీ ఆధిక్యం రెండు అంచనాల మధ్య తేడా కనుక దానిలో పొరపాటుకు ఉన్న అవకాశం ఐదున్నర పాయింట్ల వరకు ఉంటుంది. ఆ నాలుగు పాయింట్ల ఆధిక్యం అసలు లేకపోవచ్చు కూడా. గత నెల సర్వేతో పోలిస్తే ఒక పాయింటు తగ్గిందని గంటసేపు విశ్లేషించడం గురించి చెప్పేందుకు ఏమీ లేదు.

ప్రశ్న అడిగిన తీరు కూడా ముఖ్యమే. దంతవైద్యుల్లో 80 శాతానికి పైగా తమ ఉత్పత్తిని సిఫారసు చేస్తున్నారన్న కోల్గేట్ ప్రకటనను 2007లో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ నిలిపివేయించింది. ఆ సర్వేలో వైద్యులు ఒకటి కంటే ఎక్కువ బ్రాండ్లను చెప్పే వీలుంది, ప్రకటన చూసినవారికేమో మిగతా బ్రాండ్లను ఇరవై శాతమే సిఫారసు చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఒకే రోజు రెండు ఛానెళ్లు తామే నంబర్ వన్ అని చెప్పుకోవడంలోనూ ఇదే నేర్పు ఉంటుంది. ఒకరు ఫలానా వయోవర్గం ప్రేక్షకుల్లో మొదటివారు, ఇంకొకరు ఫలానా గంటలో మొదటివారు. ఆ వివరాలు చుక్క గుర్తు పెట్టి అడుగున, భూతద్దానికి పని చెప్పేంత చిన్నగా వేస్తారు.

ఎనిమిదో మెట్టు: కారణాన్ని అంత తొందరగా ఒప్పుకోకండి

రెండు విషయాలు కలిసి పెరిగితే ఒకదానికి ఇంకొకటి కారణమని వార్తలు చెప్పేస్తాయి. "సంబంధం ఉంది" అని అధ్యయనం జాగ్రత్తగా రాసిన మాట శీర్షికలోకి వచ్చేసరికి "వల్ల" అయిపోతుంది. అలాంటి చోట మూడు ప్రశ్నలు వేసుకోవాలి. రెండింటినీ నడిపించే మూడో కారణం ఏదైనా ఉందా? కార్యకారణాలు తారుమారయ్యాయా? మనుషులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి పరీక్షించారా, లేక వారంతట వారు చేస్తున్నదాన్ని గమనించారా?

మొత్తం అంకె లోపల దాగిన గుంపులు కూడా కారణాన్ని తారుమారు చేస్తాయి. 1973లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్యకు దరఖాస్తు చేసిన పురుషుల్లో 44 శాతం మందికి, స్త్రీలలో 35 శాతం మందికి ప్రవేశం దొరికింది. వివక్ష ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. విభాగాల వారీగా విడదీసి చూసినప్పుడు మాత్రం, చాలా విభాగాల్లో స్త్రీల పట్ల చెప్పుకోదగిన వివక్ష కనబడలేదు. పోటీ తీవ్రంగా ఉండి ఎవరికైనా సీటు దొరకడం కష్టమైన విభాగాలకు స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేశారు, తేడా అక్కడి నుంచి వచ్చింది. స్త్రీలు ఆ విభాగాలనే ఎందుకు ఎంచుకున్నారన్నది వేరే ప్రశ్న, దాన్ని ఈ అంకెలు తేల్చలేవు.

తొమ్మిదో మెట్టు: గ్రాఫులో గీతల కంటే ముందు అక్షాలను చదవండి

2012లో అమెరికాలో ఒక టీవీ ఛానెల్, పన్ను రాయితీలు ముగిస్తే అత్యధిక పన్ను రేటు 35 నుంచి 39.6 శాతానికి పెరుగుతుందని రెండు బార్లతో చూపించింది. నిలువు అక్షం సున్నా నుంచి కాక 34 నుంచి మొదలైంది. దాంతో మొదటి బారు ఎత్తు 1, రెండో బారు ఎత్తు 5.6. నిజమైన తేడా ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ, కంటికి కనబడిన తేడా ఐదున్నర రెట్లు. బార్ గ్రాఫులో మన కన్ను ఎత్తునే కొలుస్తుంది కనుక అది సున్నా నుంచే మొదలుకావాలి. గీతల గ్రాఫుకు ఈ నియమం అంత కచ్చితం కాదు. శరీర ఉష్ణోగ్రత గ్రాఫును సున్నా నుంచి గీస్తే జ్వరమే కనబడదు.

అక్షం తలకిందులుగా ఉన్న సందర్భాలూ ఉన్నాయి. ఫ్లోరిడాలో 2005 నాటి ఆత్మరక్షణ చట్టం తర్వాత తుపాకీ హత్యలు పెరిగాయని చూపే రాయిటర్స్ గ్రాఫులో, 2014లో, సున్నాను పైన పెట్టారు. పెరుగుదల లోయలా కనబడి చాలామంది హత్యలు తగ్గాయని చదువుకున్నారు. ఇవి కాక, మొదటి నుంచీ కూడుతూ పోయే గ్రాఫు ఎన్నటికీ కిందికి దిగదని, కుడివైపు ఒక కొలత, ఎడమవైపు ఇంకో కొలత ఉన్న గ్రాఫులో రెండు గీతలను కావలసిన చోట కలిపించవచ్చని, రంగులు వేసిన పటంలో మనుషుల కంటే నేల విస్తీర్ణమే ఎక్కువ కనబడుతుందని గుర్తుంచుకుంటే చాలు.

పదో మెట్టు: మూలం దాకా వెళ్లండి

ఇంతవరకు చెప్పిన ప్రశ్నలకు వార్తలో జవాబు లేకపోతే మూలాన్ని తెరవాలి. ప్రభుత్వ నివేదిక అయితే నిర్వచనాలు, లెక్కింపు పద్ధతి చెప్పే అధ్యాయం ముందు చదవాలి. పరిశోధన అయితే ఎంతమందిపై జరిగింది, ఎంతకాలం, ఎన్ని విషయాలు కొలిచారు, ఖర్చు ఎవరు భరించారు అన్న నాలుగు వివరాలు చాలావరకు సరిపోతాయి.

2015లో చాక్లెట్ తింటే త్వరగా సన్నబడతారన్న వార్త ఇరవైకి పైగా దేశాల్లో వచ్చింది. జర్మనీ దినపత్రిక బిల్డ్ మొదటి పేజీలో వేసింది. పరిశోధన నిజంగానే జరిగింది. శాస్త్ర విలేకరి జాన్ బొహానన్, జర్మన్ డాక్యుమెంటరీ నిర్మాతలతో కలిసి, మీడియా ఎంత పరిశీలించి వేస్తుందో చూడడానికి కావాలనే బలహీనంగా దాన్ని నడిపాడు. పైన చెప్పిన నాలుగు వివరాలతో చూస్తే, మూడు వారాలు సాగిన ఆ ప్రయోగాన్ని పూర్తి చేసినవారు 15 మంది. వారిని మూడు గుంపులు చేశారు. బరువు, కొలెస్ట్రాల్, నిద్ర తదితర 18 విషయాలు కొలిచారు. ఒక్కో కొలతలో కేవలం యాదృచ్ఛికంగా ఫలితం కనబడే అవకాశం ఇరవైలో ఒకటి అయితే, కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడనివైనప్పుడు, 18 కొలతల్లో కనీసం ఒక్కటైనా అలా తగిలే అవకాశం దాదాపు 60 శాతం. ఏది తగిలితే దాన్ని శీర్షిక చేయవచ్చు, వారికి తగిలినది బరువు. ఎంతమందిపై ప్రయోగం జరిగిందన్న ఒక్క ప్రశ్న అడిగి ఉన్నా ఆ వార్త ఆగిపోయేది. ఆ సంఖ్యను పత్రికా ప్రకటనలో ఉద్దేశపూర్వకంగానే చెప్పలేదు.

మూలం చూశాక వార్త తప్పుదారి పట్టిస్తోందని తేలితే సంపాదకుడికి రాయడం మేలు. "మీరు అబద్ధం రాశారు" అని రాస్తే జవాబు రాదు. వార్త వచ్చిన తేదీ, పేజీ లేదా లంకె, శీర్షికలోని వాక్యం, మూల నివేదికలో సంబంధిత పట్టిక సంఖ్య, మీరు ప్రతిపాదించే సవరించిన వాక్యం, ఈ ఐదూ ఒక పేరాలో ఇవ్వాలి. సవరించిన వాక్యాన్ని మొదటి మెట్టులో చెప్పిన పూర్తి వాక్యం నమూనాలోనే రాస్తే, డెస్కులో ఉన్నవారు దాన్ని ఉన్నదున్నట్టు వాడుకునే వీలుంటుంది. సామాజిక మాధ్యమాల్లో సరిదిద్దేటప్పుడు మాత్రం తప్పు గ్రాఫును మళ్లీ పూర్తిగా పెట్టకండి. మీ వివరణ చదవకుండా బొమ్మను మాత్రమే చూసి ముందుకు పోయేవారే ఎక్కువ. పెట్టక తప్పకపోతే బొమ్మ మీదే అడ్డంగా సరైన అంకె రాసి పెట్టండి.